కనిపెట్టినవాడే హెచ్చరించాడు: అలెగ్జాండర్ ఫ్లెమింగ్

ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి

పెన్సిలిన్ ఎవరు కనిపెట్టారని అడిగితే హైస్కూలు పిల్లవాడు కూడా అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అని ఠక్కున చెప్తాడు. 1928, గాజు పళ్ళెం, బూజు. ఈ మూడు మాటలతో ఆ పాఠం అయిపోతుంది. పరీక్షలో రెండు మార్కులు. నేనూ అలాగే చదివాను, అలాగే రాశాను. తరువాత ఆయన జీవితం పూర్తిగా చదివితే తెలిసింది, మన పాఠ్యపుస్తకం సగం కథే చెప్పిందని. మందు గొప్పదైతే చాలదు. అది ఎవరికి, ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్ళు ఇవ్వాలో తెలుసుకుని ఇవ్వాలి అని ఆయన తోటి డాక్టర్లకు రెండుసార్లు చెప్పాడు. ఒకసారి మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇంకోసారి రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక. రెండుసార్లూ విన్నవాళ్ళు చాలామంది, ఆచరించినవాళ్ళు కొద్దిమంది. ఈ వ్యాసంలో ఆ రెండో సగం చెప్పాలని నా ప్రయత్నం.

ఈ విషయం మీద నాకు పట్టుదల కలగడానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి కారణం. మాది వ్యవసాయ కుటుంబం. మూడేళ్ళ క్రితం మా అమ్మకి జ్వరం, దగ్గు వస్తే నాన్న టౌనులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు గారు చీటీ మీద ఆరు మందులు రాశారు. ఏది దేనికో, ఎన్నాళ్ళు వాడాలో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. రెండు రోజులకి జ్వరం తగ్గింది. మిగిలిన యాంటీబయాటిక్ మాత్రల్ని అమ్మ జాగ్రత్తగా రేకు డబ్బాలో దాచింది. డబ్బు పోసి కొన్నవి ఎవరు పారేస్తారు? ఆరు నెలల తరువాత నాన్నకి చలిజ్వరం వస్తే ఆ మాత్రలే వేసింది. మూడు రోజులైనా జ్వరం దిగలేదు సరికదా, మనిషి మంచం మీంచి లేవలేకపోయాడు. చివరికి రక్తపరీక్ష చేయిస్తే మలేరియా అని తేలింది. ఆ మాత్రలకీ మలేరియాకీ సంబంధమే లేదు. నాన్న కోలుకున్నాడు గాని, ఆ మూడు రోజులు ఎవరి తప్పు అన్న ప్రశ్న నా మనసులో ఉండిపోయింది. రాసినవారిదా, చెప్పనివారిదా, అడగకుండా దాచుకున్న మాదా? ఫ్లెమింగ్ జీవితంలో నాకు ఆ ప్రశ్నకి కొంత జవాబు దొరికింది.

పొలం ఇంటి పిల్లవాడు

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1881 ఆగస్టు 6న స్కాట్లండులోని ఐర్‌షైర్ ప్రాంతంలో, డార్వెల్ అనే చిన్న ఊరికి దగ్గర లాక్‌ఫీల్డ్ అనే పొలం ఇంట్లో పుట్టాడు. తండ్రి హ్యూ ఫ్లెమింగ్ రైతు. గొర్రెలు, పశువులే ముఖ్యమైన ఆధారం. తండ్రి రెండో భార్య గ్రేస్‌కి పుట్టిన నలుగురు పిల్లల్లో ఇతను మూడోవాడు. ఏడేళ్ళ వయసులో తండ్రి చనిపోయాడు. తల్లీ, పెద్దన్నా కలిసి వ్యవసాయం నడిపారు. పిల్లలు కొండల్లో, వాగుల్లో తిరుగుతూ పెరిగారు. చేతుల్తో చేపలు పట్టడం, పిట్టగూళ్ళు వెతకడం, చలిలో మైళ్ళకు మైళ్ళు బడికి నడవడం. ఇదే వాళ్ళ బాల్యం. చుట్టూ ఉన్నదాన్ని పరీక్షగా చూడడం తనకి ఆ పల్లెలోనే అలవాటైందని ఆయన పెద్దయ్యాక కూడా తలుచుకునేవాడు. పొలంలో పుట్టిన మనలాంటివాళ్ళకి ఆ మాట వేరే వివరించనక్కరలేదు.

ఇక్కడ ఒక కట్టుకథ గురించి చెప్పాలి. బురదలో కూరుకుపోతున్న చర్చిల్‌ని చిన్నప్పుడు ఫ్లెమింగ్ తండ్రి కాపాడాడనీ, ఆ కృతజ్ఞతతో చర్చిల్ తండ్రి ఫ్లెమింగ్‌ని డాక్టరు చదివించాడనీ, తరువాత పెన్సిలిన్ చర్చిల్ ప్రాణం నిలిపిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గాని ఒక్క ముక్కా నిజం కాదు. 1943 డిసెంబరులో చర్చిల్‌కి న్యుమోనియా వచ్చినప్పుడు వాడినది పెన్సిలిన్ కాదు, సల్ఫా జాతి మందు. దానితోనే తగ్గింది. పేరుమోసిన మందు దగ్గర ఉన్నంతమాత్రాన అదే వాడాలని లేదన్నమాట. మన విషయానికి ఈ చిన్న సంగతి బాగా పనికొస్తుంది.

గుమాస్తా డాక్టరయ్యాడు

పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో ఫ్లెమింగ్ లండన్ చేరాడు. అక్కడ సవతి అన్న టామ్ కంటి డాక్టరు. పాలిటెక్నిక్‌లో కొంత చదువు, ఆ తరువాత ఒక ఓడల కంపెనీలో గుమాస్తా ఉద్యోగం. ఇష్టం లేకుండానే నాలుగేళ్ళు లెక్కలు రాశాడు. 1901లో మేనమామో పినతండ్రో వరసైన బంధువు ఒకాయన పోతే కొంత ఆస్తి వాటాగా వచ్చింది. అప్పటికి ఫ్లెమింగ్‌కి ఇరవై ఏళ్ళు. సరిగ్గా నా వయసు. అన్న సలహా మీద ఆ డబ్బుతో సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్యకళాశాలలో చేరాడు. లండన్‌లో అన్ని వైద్యకళాశాలలుండగా అదే ఎందుకంటే, ఒకసారి వాళ్ళతో వాటర్ పోలో ఆడి ఉన్నాడట, అంతే!

1906లో డాక్టరు పరీక్ష నెగ్గాడు. సర్జను అవుదామనుకుంటే, కళాశాల రైఫిల్ క్లబ్బువాళ్ళు మంచి గురికాడు చేజారిపోతాడని అదే ఆసుపత్రి ప్రయోగశాలలో ఉద్యోగం చూపించారు. అలా ఆల్మ్‌రోత్ రైట్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడి దగ్గర చేరాడు. టైఫాయిడ్‌కి టీకా తయారుచేసినవారిలో రైట్ ఒకడు. ఆయన ధాటిగా మాట్లాడే మనిషి; ఫ్లెమింగ్ పెదవి విప్పని మనిషి. తాత్కాలికం అనుకున్న ఉద్యోగం దాదాపు జీవితాంతం సాగింది.

1909 ప్రాంతంలో జర్మనీలో పాల్ ఎర్లిక్ బృందం సిఫిలిస్‌కి సాల్వర్సాన్ అనే మందు కనిపెట్టింది. 606 నంబరు మందు అనేవారు. అది ఆర్సెనిక్, అంటే పాషాణం ఉన్న మందు. సరిగ్గా నరంలోకి వెళితే మేలు, పక్కకి పోతే కండ పాడవుతుంది. చాలామంది డాక్టర్లు నరంలోకి ఎక్కించడానికి జంకేవారు. ఫ్లెమింగ్ ఆ పనిలో ఆరితేరి, ఎవరికి ఎంత ఇస్తే ఏమైందో రాసిపెట్టి, తోటి డాక్టరుతో కలిసి 1911లో ప్రచురించాడు. మందు ఎంత ముఖ్యమో ఇచ్చే పద్ధతీ అంతే ముఖ్యం అన్న సంగతి ఆయనకి అప్పుడే అనుభవంలోకి వచ్చింది.

యుద్ధంలో నేర్చిన పాఠం

1914లో యుద్ధం మొదలైంది. రైట్ బృందం ఫ్రాన్సులోని బులోన్ రేవుకి వెళ్ళింది. అక్కడ ఒక జూదశాల భవనాన్ని ఆసుపత్రిగా మార్చారు, అందులోనే ప్రయోగశాల. యుద్ధరంగం నుంచి వచ్చే సిపాయిలకి ఫిరంగి గుండ్ల గాయాలు. ఇనప ముక్కలతో పాటు చొక్కా పేలికలు, మట్టి లోపలికి పోయేవి. ఆ మట్టి ఎలాంటిది? తరతరాలుగా పశువుల పెంట తోలిన పొలాల మట్టి. అందులో ధనుర్వాతం, గ్యాస్ గాంగ్రీన్ కలిగించే క్రిములుంటాయి. గాయం చిన్నదైనా కాలు కుళ్ళి ప్రాణం పోయేది.

అప్పటి సర్జన్లకి తెలిసిన మార్గం ఒక్కటే. కార్బాలిక్ ఆసిడ్, బోరిక్ ఆసిడ్ వంటి క్రిమిసంహారకాలను గాయంలో ధారాళంగా పోయడం. వారిని తప్పుపట్టడానికి లేదు. అంతకు ముందు యాభై ఏళ్ళలో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆసిడ్‌తో ఆపరేషన్ల రూపమే మార్చేశాడు. గురువులు నేర్పిన మందు, పేరున్న మందు. కనుక పోశారు. ఎంత ఎక్కువ పోస్తే అంత మేలనుకున్నారు.

ఫ్లెమింగ్ చేసిన పని ఏమిటంటే, నిజంగా మేలు జరుగుతోందా అని చూడడం. గాయాల్లోంచి చీము, గుడ్డపేలికలు తీసి పరీక్షించాడు. మందు పోసిన తరువాత క్రిములు తగ్గకపోగా కొన్ని గాయాల్లో పెరిగాయని గమనించాడు. కారణం తెలుసుకోవడానికి ఒక తేలిక ప్రయోగం చేశాడు. గాజు గొట్టాన్ని మంటలో కాల్చి, అడుగున ముళ్ళలాగా సన్నని మొనలు వచ్చేలా సాగదీశాడు. నిజమైన గాయంలో ఉండే సందులూ గొందులకి అది నమూనా. అందులో క్రిములున్న ద్రవం పోసి, తరువాత క్రిమిసంహారకం పోసి, దాన్ని పారబోసి, శుభ్రమైన ద్రవం నింపి వెచ్చగా ఉంచితే మళ్ళీ క్రిములు పుట్టుకొచ్చాయి. మందు ఆ మొనల చివరిదాకా పోలేదు. పైగా రెండో సంగతి: మన శరీరంలో క్రిములతో పోరాడే తెల్ల రక్త కణాలున్నాయి కదా, ఆ మందులు క్రిములకంటే ముందు ఆ కణాల్నే చంపేస్తున్నాయి. అంటే శత్రువు కందకంలో దాక్కుని ఉండగా మన సైన్యాన్ని మనమే కాల్చుకున్నట్టు.

రైట్, ఫ్లెమింగ్ ఇచ్చిన సలహా సాదాగా ఉంది. చచ్చిన కండ తీసివేయండి, ఉప్పునీటితో కడగండి, శరీరం పోరాడడానికి అవకాశమివ్వండి. ఈ ఫలితాలు 1915 నుంచి వైద్యపత్రికల్లో వచ్చాయి. కాని ఎంతోమంది సర్జన్లు పాత పద్ధతి మానలేదు. చదవక కాదు. ఎదురుగా సిపాయి చనిపోతుంటే ఉప్పునీళ్ళు పోసి ఊరుకోవడానికి చెయ్యి రాదు. ఏదో ఘాటైన మందు వాడితే మనం చేయవలసింది చేశామన్న తృప్తి. ఈ మనస్తత్వం ఆ యుద్ధంతో పోలేదు. నేటికీ జలుబుకి వైరస్ కారణమని తెలిసినా, బాక్టీరియాని చంపే యాంటీబయాటిక్‌కి వైరస్ చావదని తెలిసినా, చీటీలో అది ఒకటి చేరడానికి కారణం ఈ తృప్తే అని నాకనిపిస్తుంది.

బూజు చెప్పిన మాట

యుద్ధం తరువాత ఫ్లెమింగ్ తిరిగి సెయింట్ మేరీస్‌కి వచ్చాడు. శరీరానికి హాని చేయకుండా క్రిముల్ని మాత్రమే చంపే పదార్థం కోసం ఆయన కన్ను వెతుకుతూనే ఉంది. 1921లో తన ముక్కు చీమిడిలోనే అలాంటి పదార్థం ఒకటి కనబడింది. కన్నీళ్ళలో, కోడిగుడ్డు తెల్లసొనలో కూడా ఉంది. దానికి లైసోజైమ్ అని పేరు పెట్టారు. అయితే అది మనిషికి పెద్దగా హాని చేయని క్రిముల్నే చంపింది.

1928 వేసవిలో సెలవుకి పోతూ స్టాఫిలోకాకస్ అనే క్రిములు పెంచిన గాజు పళ్ళాలను బల్ల మీద ఒక పక్కన పెట్టి వెళ్ళాడు. ఆయన బల్ల ఎప్పుడూ చిందరవందరే. సెప్టెంబరు 3న తిరిగి వచ్చి చూస్తే ఒక పళ్ళెంలో బూజు పట్టింది; ఆ బూజు చుట్టూ క్రిములు కరిగిపోయాయి. బూజు పట్టిన పళ్ళెం చూస్తే ఎవరైనా పారేస్తారు. ఆయన పారెయ్యలేదు. ఆ బూజుని వేరుగా పెంచాడు. అది పెనిసిలియం జాతిది కనుక దాని రసానికి 1929 మార్చిలో పెన్సిలిన్ అని పేరు పెట్టాడు.

తరువాత ఆయన చేసిన పరీక్షలు మనం శ్రద్ధగా గమనించాలి. మొదటిది, ఆ రసం తెల్ల రక్త కణాలకి హాని చేస్తుందా? చేయలేదు. ఇది బులోన్ గాయాల దగ్గర నేర్చిన ప్రశ్న. రెండవది, ఏ క్రిముల మీద పనిచేస్తుంది, ఏ క్రిముల మీద పనిచేయదు? స్ట్రెప్టోకాకస్, న్యుమోకాకస్, డిఫ్తీరియా క్రిమి లొంగాయి. టైఫాయిడ్ క్రిమి, పేగుల్లో ఉండే కోలై జాతి క్రిములు లొంగలేదు. 1929లో ప్రచురించిన మొదటి వ్యాసంలోనే లొంగినవాటి పక్కన లొంగనివాటినీ వేశాడు. అంటే పెన్సిలిన్ సర్వరోగ నివారిణి కాదని పుట్టినరోజునే దాని జాతకంలో రాసిపెట్టాడు. ఆ పట్టిక చదివిన డాక్టరెవరూ టైఫాయిడ్‌కి దాన్ని వాడకూడదు.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. బూజు రసంలోంచి మందుని శుద్ధిచేయడం ఆయన బృందానికి సాధ్యపడలేదు. రసాయనశాస్త్రం తెలిసినవాళ్ళు చాలినంతమంది లేరు. మాటకారి కాకపోవడం వల్ల నలుగుర్నీ ఒప్పించలేకపోయాడు. దాదాపు పదేళ్ళు పెన్సిలిన్ అలాగే మూలపడింది.

ఆక్స్‌ఫర్డ్ కృషి

ఆ మూలపడినదాన్ని మందుగా చేసినవారు ఆక్స్‌ఫర్డ్‌లోని హోవర్డ్ ఫ్లోరీ, ఎర్న్‌స్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ, వారి సహచరులు. ఫ్లెమింగ్ ఒక్కడే అంతా చేశాడనడం వీరికి అన్యాయం. 1940 మే 25న వాళ్ళు ఎనిమిది ఎలుకలకి ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ ఎక్కించి, నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. మందు అందిన నాలుగూ బతికాయి, అందని నాలుగూ చచ్చాయి.

1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకి మొదటి చికిత్స. ముఖమంతా చీముపట్టి చావుకి సిద్ధంగా ఉన్న మనిషి కొద్ది రోజుల్లో లేచి తినసాగాడు. కాని ఉన్న మందు అయిపోయింది. అతని మూత్రంలోంచి పెన్సిలిన్‌ని తిరిగి తీసి ఎక్కించినా చాలలేదు. క్రిములు మళ్ళీ విజృంభించాయి. మార్చి 15న చనిపోయాడు. చాలినంత మందు, చాలినన్నాళ్ళు లేకపోతే ఏమవుతుందో ఆ మరణం చూపించింది.

1942 ఆగస్టులో ఫ్లెమింగ్‌కి తెలిసిన ఒకాయన మెదడు పొరల వాపుతో సెయింట్ మేరీస్‌లో చేరాడు. సల్ఫా మందులకి లొంగలేదు. అప్పుడు ఫ్లెమింగ్ ముందు వెన్నెముక నీరు తీసి అందులోని క్రిమి ఏదో కనుక్కున్నాడు. ఆ క్రిమి పెన్సిలిన్‌కి లొంగుతుందో లేదో గాజు పళ్ళెంలో పరీక్షించాడు. ఆ తరువాతే ఫ్లోరీని మందు అడిగాడు. ఫ్లోరీ తన దగ్గరున్న మందు ఇచ్చాడు. ఇంజక్షన్లు మొదలుపెట్టాక కూడా మందు వెన్నెముక నీటిలోకి చేరుతోందా అని చూశాడు. చేరడం లేదని తేలాక నేరుగా అక్కడికే ఎక్కించాడు. రోగి బతికాడు. క్రిమిని గుర్తించు, మందుకి లొంగుతుందో చూడు, చేరవలసిన చోటికి చేరుతుందో చూడు, తగ్గేదాకా కనిపెట్టుకుని ఉండు. మందుల సక్రమ వినియోగం గురించి ఎన్ని గ్రంథాలు రాసినా సారాంశం ఇదే కదా!

స్టాక్‌హోం హెచ్చరిక

ఆ తరువాత కథ వేగంగా నడిచింది. అమెరికాలో పెద్ద ఎత్తున తయారీ సాగింది. 1944 జూన్‌లో మిత్రసైన్యాలు నార్మండీలో దిగేసరికి గాయపడినవాళ్ళకి పెన్సిలిన్ అందింది. అదే సంవత్సరం ఫ్లెమింగ్‌కి సర్ బిరుదు, 1945లో ఫ్లోరీ, చెయిన్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చాయి. పొలం ఇంటి పిల్లవాడు ప్రపంచమంతటా వీరుడయ్యాడు.

ఇంత కీర్తి వచ్చినప్పుడు ఎవరైనా మందుని పొగుడుకుంటారు. ఆయన 1945 డిసెంబరు 11న స్టాక్‌హోంలో ఉపన్యాసం ముగించబోతూ హెచ్చరిక చేశాడు. క్రిములు చావనంత తక్కువ మోతాదుకి గురిచేస్తే ప్రయోగశాలలో వాటిని పెన్సిలిన్‌కి లొంగకుండా చేయడం కష్టం కాదనీ, శరీరంలోనూ అలా జరిగిందనీ చెప్పాడు. దాన్ని చిన్న కథగా వివరించాడు. గొంతు నొప్పి ఉన్న ఒకాయన తానే పెన్సిలిన్ కొని చాలీచాలకుండా వాడతాడు. గొంతులోని క్రిములు చావకుండా మందుని తట్టుకోవడం నేర్చుకుంటాయి. అవి భార్యకి అంటుకుని న్యుమోనియా వస్తుంది. ఈసారి పెన్సిలిన్ ఇచ్చినా పనిచేయదు. ఆమె చనిపోతుంది. దీనికి బాధ్యుడెవరని ఆయన సభని అడిగాడు. మా ఇంటి రేకు డబ్బా గుర్తొచ్చి, ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

నేటి విజ్ఞానం ప్రకారం ఇందులో ఒకటి రెండు సవరణలు చేసుకోవాలి. ఆయన కథలో చెప్పిన గొంతు నొప్పి స్ట్రెప్టోకాకస్ విచిత్రంగా ఇప్పటికీ పెన్సిలిన్‌కి లొంగుతూనే ఉంది, ఎదురుతిరిగింది స్టాఫిలోకాకస్. అలాగే తక్కువ మోతాదు ఒక్కటే కారణం కాదు. అవసరం లేనిచోట వాడడం, అవసరానికి మించి రోజులు వాడడం కూడా కారణాలే. మందు పడ్డ ప్రతిసారీ బలహీనమైన క్రిములు చచ్చి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. కనుక ఎక్కువ వాడితే ఎక్కువ మేలు అనుకోవడమూ పొరపాటే.

హెచ్చరిక నిజం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ అనే డాక్టరు లెక్కలు తీసింది. 1946లో ఆసుపత్రి స్టాఫిలోకాకస్ నమూనాల్లో నూటికి సుమారు 14 మాత్రమే పెన్సిలిన్‌కి లొంగనివి. 1948కి అవి సగం దాటాయి. రెండేళ్ళలో! ఆ క్రిములు పెరిగింది అడవిలో కాదు, డాక్టర్లున్న ఆసుపత్రి వార్డుల్లో. బ్రిటన్‌లో 1947లోనే చీటీ లేకుండా పెన్సిలిన్ అమ్మకూడదని చట్టం వచ్చింది. కాని చీటీ రాసే చెయ్యి ఆలోచించకపోతే చట్టం ఒక్కటీ ఏం చేస్తుంది?

తెలిసీ ఎందుకు చేయరు?

పాత మందు పనిచేయకపోతే కొత్తది వస్తుందన్న ధీమా అప్పట్లో అందరికీ ఉండేది. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకి నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలో బెంజమిన్ డుగ్గార్ దాన్ని కనిపెట్టాడు. తరువాత మరెన్నో వచ్చాయి. లొంగని స్టాఫిలోకాకస్ కోసమే మెథిసిలిన్ తయారుచేస్తే, 1961లోనే దానికీ లొంగని క్రిములు ఇంగ్లండులో బయటపడ్డాయి. రాను రాను కొత్త మందులు రావడం తగ్గింది. 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 12 లక్షల 70 వేల మరణాలకి మందులకి లొంగని బాక్టీరియా నేరుగా కారణమని 2022లో లాన్సెట్ వైద్యపత్రిక అంచనా ప్రచురించింది.

మరి డాక్టర్లకి ఇది తెలియదా? తెలుసు. వైద్యకళాశాల మొదటి సంవత్సరాల్లోనే చదువుతారు. తెలియడానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరమే అసలు సమస్య. బయట వరండాలో వందమంది రోగులు. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకి ఒకటి రెండు రోజులు కావాలి. అంతదాకా ఆగితే రోగికి ఏమవుతుందో అన్న భయం. పెద్ద డాక్టరు రాసినదాన్ని మార్చడానికి చిన్న డాక్టరుకి జంకు. కంపెనీ ప్రతినిధి తెచ్చిన కొత్త మందు. వీటన్నిటికీ తోడు మనం. సూది వేయకపోతే వైద్యమే కాదంటాం, మందులు తక్కువ రాస్తే ఈ డాక్టరుకి ఏమీ తెలియదంటాం. పాపం, మంచి డాక్టరు కూడా ఎంతని ఎదురీదుతాడు?

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో అత్యవసర మందుల జాబితా ఒకటి తయారుచేసింది. 1985లో నైరోబీలో సమావేశం పెట్టి, రోగి అవసరానికి తగిన మందు, తగిన మోతాదులో, తగినన్నాళ్ళు, అందుబాటు ఖర్చులో అందడమే సక్రమ వినియోగం అని నిర్ణయించింది. మన దేశంలో 2014 నుంచి కొన్ని యాంటీబయాటిక్‌లను షెడ్యూల్ హెచ్-1లో చేర్చి, చీటీ వివరాలు మందుల షాపు రిజిస్టరులో రాయాలన్నారు. ఇవి మంచివే. అయితే ఆసుపత్రిలో పనిచేసే ప్రయోగశాల ఉండాలి, ఏ జబ్బుకి ఏ మందు అన్న పట్టిక వార్డు గోడ మీద ఉండాలి, రాసినదాన్ని అప్పుడప్పుడు తిరగేసి చూసేవారుండాలి. మనిషి మంచితనం మీదే వదిలేస్తే బులోన్‌లో జరిగిందే జరుగుతుంది.

చివరి రోజులు

ఫ్లెమింగ్ చివరి పదేళ్ళు దేశదేశాలు తిరిగాడు. 1949లో భార్య సారా చనిపోయింది. 1953లో తన ప్రయోగశాలలో పనిచేసిన గ్రీకు డాక్టరు అమాలియాని పెళ్ళాడాడు. 1955 మార్చి 11న లండన్‌లో ఇంట్లోనే గుండెపోటుతో కన్నుమూశాడు. ఆయన చితాభస్మం సెయింట్ పాల్స్ చర్చిలో ఉంది.

మా నాన్నకి ఈ కథ చెప్పాను. విని కాసేపు ఊరుకుని, పత్తి సంగతి ఎత్తాడు. 1987 ప్రాంతంలో కోస్తా జిల్లాల్లో శనగపచ్చ పురుగుకి పైరిథ్రాయిడ్ మందులు ఎంత కొట్టినా చావలేదు. అంతకు ముందు ఆ మందు చూసి రైతులు మురిసిపోయారు. పురుగు కనబడినా కనబడకపోయినా కొట్టారు, పక్కవాడు కొట్టాడని కొట్టారు. చివరికి పురుగు మిగిలింది, పంట పోయింది, అప్పు మిగిలింది. ఇది కూడా అలాంటిదే కదరా అన్నాడు. చదువుకోని మా నాన్నకి ఫ్లెమింగ్ ఒక్క నిమిషంలో అర్థమయ్యాడు.

మిత్రులారా! మన కళాశాల నుంచి రేపు కొందరు డాక్టర్లవుతారు, కొందరు ఫార్మసిస్టులవుతారు, కొందరు మందుల కంపెనీ సంచీ పట్టుకుని ఆసుపత్రులు తిరుగుతారు. మిగిలినవాళ్ళం ఎప్పుడో ఒకప్పుడు రోగులమవుతాం. ఎవరమైనా సరే, చీటీ రాసేటప్పుడో తీసుకునేటప్పుడో ఈ మందు దేనికి, ఎంత, ఎన్నాళ్ళు అన్న మూడు ప్రశ్నలు మరిచిపోకుండా ఉందాం. మా అమ్మ ఇప్పుడు డాక్టరు గారిని ఆ మూడూ అడుగుతుంది. మొదట్లో ఆయన కొంచెం విసుక్కున్నారట. ఇప్పుడు అడగకముందే చెబుతున్నారు. రేకు డబ్బాలో దారపు ఉండలు, సూదులు పెట్టుకుంది.